కాగితం మీది తేదీ

గత సంవత్సరం రంజాను నెల మూడవ నాడు, అంటే మార్చి 4న, సహ్రీ వేళ మా ఇంటావిడకు కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చింది. ముద్ద నోట పెట్టలేకపోయింది. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంది, కళ్లలో పచ్చదనం కనిపించింది. ఫజ్ర్ నమాజు ముగించుకుని ఆమెను నల్లగొండలోని ఒక డాక్టరు వద్దకు తీసుకువెళ్లాము. ఆయన కడుపు నొక్కి చూసి, చీటీ మీద నాలుగు పరీక్షలు రాశారు. రక్త పరీక్షలు 2,000 రూపాయలు, కడుపు స్కానింగు 1,200, ఎండోస్కోపీ 3,500, పిత్తనాళాలను చూసే ఎమ్మార్సీపీ అనే ప్రత్యేక స్కానింగు 7,500. మొత్తం 14,200 రూపాయలు. మద్రసాలో పాఠాలు చెప్పుకుని బ్రతికే మా వంటి వారికి ఇది ఒక పూటలో తీసి ఇవ్వగలిగిన సొమ్ము కాదు.

ఆ రోజు మమ్మల్ని ఆదుకున్నది మా మద్రసా బావర్చీ. ఆయన ఇంటి పైరేకులు పగిలిపోయి రెండేళ్లవుతున్నది. వానలు పడేలోగా కొత్త రేకులు వేయించుకోవాలని పైసా పైసా కూడబెట్టిన 20,000 రూపాయలు తెచ్చి మా చేతిలో పెట్టారు. మృగశిర కార్తె లోపల తిరిగి ఇస్తామని మాట ఇచ్చాము. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పును రాసుకోవడం గురించినదేనని పిల్లలకు ఏటేటా చెప్పేవాళ్లము గదా! అందుచేత ఒక కాగితం మీద మొత్తము, గడువు రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించి ఆయనకు ఇచ్చాము. "మన మధ్య కాగితమెందుకు ఉస్తాద్!" అని ఆయన నవ్వారు. అయినా మడిచి జేబులో పెట్టుకున్నారు.

పరీక్షలలో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నాళాలు శుభ్రంగా ఉన్నందున ప్రమాదం ముంచుకు రాలేదనీ, అయితే ఆపరేషను తప్పదనీ డాక్టరు చెప్పారు. మందులు రాసి, జ్వరం గాని పచ్చదనం గాని మళ్లీ కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగవద్దని హెచ్చరించారు. మా ఇంటావిడ "ఈద్ గడిచాక చేయించుకుంటాను, రంజానులో ఇల్లు వదిలి ఆసుపత్రిలో పడుకోలేను" అన్నది. డాక్టరు సమ్మతించారు. మేమూ సమ్మతించాము. ఆ సమ్మతికి ఒక వెల ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

మా పెద్ద కుమారుడు హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగి. ఆ కంపెనీ తన ఉద్యోగులకూ వారి తల్లిదండ్రులకూ కలిపి ఆరోగ్య బీమా చేయించింది. బీమా విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదమున్న సంగతి పాఠకులకు తెలుసు. అనిశ్చితి, వడ్డీ కలిసిన ఒప్పందమని కాదనేవారున్నారు. తప్పనిసరి పరిస్థితులలోనూ, యజమాని తన తరఫున చేయించినప్పుడూ అనుమతించేవారూ ఉన్నారు. ఇక్కడ మేము ఫత్వా ఇవ్వబోవడం లేదు. ఎవరి పరిస్థితిని వారు తాము నమ్మిన ముఫ్తీ గారి ముందు ఉంచుకోవడం మంచిది. మేము మాత్రం ఏళ్ల తరబడి ఆ మాట ఎత్తితే ముఖం తిప్పుకున్నవాళ్లమే. కుమారుడు "అబ్బా, ఇది కంపెనీ ఇచ్చేది, మనం కోరి కొన్నది కాదు" అని నచ్చచెప్పి కార్డు మా చేతికి ఇస్తే అల్మారాలో పడేశాము. అందులో ఏమి రాసి ఉన్నదో ఒక్కసారి కూడా చదవలేదు. అవసరం వచ్చిన నాడు మాత్రం కార్డు ఉన్నది గదా అన్న ధీమాతో ఆరోగ్యశ్రీ వైపు గాని, ప్రభుత్వాసుపత్రి వైపు గాని చూడలేదు.

ఈద్ తర్వాత ఏప్రిల్ 7న ఆపరేషనుకు ముందు చేసే రక్త పరీక్షలు, ఈసీజీ, గుండె స్కానింగు చేయించాము. 4,850 రూపాయలైంది. 12న ఆసుపత్రిలో చేర్చాము. అల్లాహ్ దయతో ఆపరేషను క్షేమంగా జరిగింది. 14న ఇంటికి పంపించారు. తీసివేసిన పిత్తాశయాన్ని ముక్క పరీక్ష కోసం బయటి ల్యాబుకు పంపినందుకు మరో 1,600 కట్టాము. 29న కాలేయ పరీక్ష మళ్లీ చేయించినందుకు 900. ఆసుపత్రి బిల్లును, చేతి తొడుగుల వంటి కొన్ని ఖర్చులు మినహాయించి, బీమా కంపెనీ నేరుగా చెల్లించింది. ల్యాబు పరీక్షల సొమ్ము 21,550 రూపాయలు మాత్రం మా చేతి నుంచి పోయింది. బిల్లులు పంపితే తిరిగి వస్తుందని కుమారుడు చెప్పాడు. బావర్చీకి మాట తప్పనవసరం లేదని సంతోషించాము.

మార్చి నాటి బిల్లు ఒకటి కనిపించకపోతే నకలు కోసం ల్యాబుకు వెళ్లాము. అక్కడ కౌంటరు మీద కూర్చున్న యువకుడు లేచి నిలబడి సలాము చేశాడు. పన్నెండేళ్ల క్రితం మా వద్ద చదువుకున్న పిల్లవాడు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మా కాగితాలన్నీ ఒక వరుసలో పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఉస్తాద్, ఆసుపత్రిలో చేరిన తేదీకి ముందు 30 రోజుల లోపు చేయించిన పరీక్షలకే చాలా పాలసీలు డబ్బులిస్తాయి. మీవి 39 రోజులవుతున్నాయి. ఈ 14,200 రాదు."

కుమారునికి ఫోను చేసి పాలసీ చదివించాము. అందులోనూ 30 రోజులే ఉంది. మేము మాట్లాడలేకపోయాము. ఆ పిల్లవాడు గొంతు తగ్గించాడు. "మీరు దిగులు పడకండి. మార్చి 20 వేసి కొత్త బిల్లులు, కొత్త రిపోర్టులు తీసి ఇస్తాను. చాలా మందికి చేస్తుంటాము. మీ కోసం ఈ మాత్రం చేయలేనా?"

వాని కళ్లలో కపటం లేదు. గురువు పట్ల ప్రేమ ఉంది. ఆ ప్రేమను చూసే మేము జారిపోయామని చెప్పుకుంటే అది మరొక అబద్ధమవుతుంది. మమ్మల్ని జార్చింది ఆ 14,200 రూపాయలు. "వద్దు బేటా" అనడానికి ఒక్క క్షణం చాలు. మేము ఆ క్షణాన్ని వాడుకోలేదు. "రేపు చెబుతాను" అని లేచి వచ్చాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనస్సు ఒక్కొక్క వాదననే తెచ్చి ముందు పెట్టింది. జబ్బు నిజం, పరీక్షలు నిజం, కట్టిన డబ్బు నిజం. మారేది ఒక్క తేదీయే గదా! కోట్ల వ్యాపారం చేసే కంపెనీకి ఇది లెక్కలోనిది కాదు గదా! అసలు ఆ ఒప్పందమే సందేహాస్పదమైనప్పుడు దానితో నిజాయితీ ఏమిటి? ఈ మూడవ వాదన మా చదువు నుంచే పుట్టుకొచ్చింది. అందుచేత అన్నిటికన్నా అదే ప్రమాదకరమైనది. ఒప్పందం మనకు నచ్చకపోతే దానిలోంచి తప్పుకునే హక్కు ఉన్నది. దాని నీడలో నిలబడి మోసం చేసే హక్కు లేదు. ఎదుటివాడు ఎవరైనా సరే ఇచ్చిన మాటకు కట్టుబడమని మన ధర్మం చెబుతున్నది. పైగా ఆ సొమ్ము కంపెనీ గల్లాపెట్టెలో ఆకాశం నుంచి రాలినది కాదు. మా కుమారుని వంటి వేలాది మంది ఉద్యోగుల పేరిట జమ అయిన సొమ్ము.

తెల్లవారితే మేము పాఠం చెప్పవలసినది ధాన్యపు కుప్ప హదీసు. దైవప్రవక్త (సల్లం) బజారులో ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసినప్పుడు లోపల తడి తగలడం, పైకి పొడి ధాన్యం కప్పి అమ్ముతున్న వర్తకుణ్ణి ఆయన మందలించి, మోసగించేవాడు తమ వాడు కాడని స్పష్టం చేయడం పాఠకులకు తెలిసినదే. పన్నెండేళ్ల క్రితం ఆ కౌంటరు మీది పిల్లవానికి కూడా ఈ పాఠం చెప్పింది మేమే.

మేము మెలకువగా ఉన్నామని గ్రహించి మా ఇంటావిడ కారణమడిగింది. దాచకుండా చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఇలా అన్నది: "ఆ రోజు నాకు రంజాను మూడో రోజా. ఉండలేకపోయానని ఎంత ఏడ్చానో మీరు చూశారు. ఆ రోజు కజా ఇంకా నా మీద ఉంది, మార్చి 4 అని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను. అల్లాహ్ వద్ద ఆ తేదీ, కంపెనీ వద్ద ఇంకో తేదీ ఎట్లా ఉంటుంది?"

మేము చదివిన కితాబులలోని వాదనలన్నీ ఆ ఒక్క మాట ముందు నిలువలేదు.

మరునాడు ల్యాబుకు వెళ్లి అసలు తేదీతోనే నకలు ఇమ్మన్నాము. "నిన్ననే వద్దని చెప్పవలసింది. ఆలస్యం చేసింది నేను, నన్ను క్షమించు బేటా" అన్నాము. వాడు తల వంచుకున్నాడు. కొంతసేపటికి, "రోజూ ఎవరో ఒకరు అడుగుతారు ఉస్తాద్. లేనివాళ్లే అడుగుతారు. వాళ్లకు ఏమి చెప్పమంటారు?" అన్నాడు. మా వద్ద సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఆలోచించి, "పరీక్ష జరిగాక తేదీ మార్చడం కాదు, పరీక్ష జరిగే నాడే ఈ 30 రోజుల సంగతి చెప్పు. మాకు ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే డాక్టరు గారిని తేదీ గురించి అడిగి ఉండేవాళ్లము" అన్నాము.

బిల్లులన్నీ మే 2న పంపాము. 24న జవాబు వచ్చింది. 900 రూపాయలు మంజూరైంది. 14,200 గడువు దాటినందున తిరస్కరించారు. అది న్యాయమైన తిరస్కారమే. 4,850 నిలిపివేశారు. ఆ పరీక్షలకు డాక్టరు చీటీ జతపరచలేదట, పైగా పాలసీలోని పేరు, బిల్లులోని పేరు ఒకటి కాదట. 1,600 రూపాయల ముక్క పరీక్ష చికిత్సకు సంబంధం లేని పరీక్ష అని కొట్టివేశారు.

పేరు విషయం మన ఇళ్లలో సర్వసాధారణమైన చిక్కు. ఆధారు కార్డులో షేక్ ముందుంటుంది, రేషను కార్డులో ఎస్.కె. అని ఉంటుంది. మహమ్మద్ ఒకచోట ఎండీ అవుతాడు. ఆడవారి పేరు చివర ఒకచోట బేగం, ఇంకొకచోట బీ. ల్యాబులో రద్దీలో పిలుపు పేరు చెప్పి వస్తాము. మనిషి ఒక్కరే, కాగితాలలో ముగ్గురు! మా ఇంటావిడ పాలసీలో ఒకరు, ల్యాబులో మరొకరు అయినది ఇందువల్లనే.

ఈలోగా మృగశిర కార్తె వచ్చింది. బావర్చీ వద్దకు వెళ్లి, చేతిలో 900 పెట్టి, జరిగినదంతా చెప్పాము. ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి గడువు ఇవ్వడం గురించి ఎన్నో ఖుత్బాలు ఇచ్చినవాళ్లము. ఆ బాకీదారుని స్థానంలో నిలబడి ఆ మాట అడగడం ఎంత బరువో ఆనాడు తెలిసింది. ఆయన జేబులోంచి కాగితం తీసి, పాత గడువు పక్కన కొత్త గడువు మా చేతనే రాయించారు. ఒక్క కటువైన మాట అనలేదు. కాని ఆ వానాకాలమంతా ఆయన ఇంటి మీద రేకులకు బదులు నీలం టార్పాలిను ఉంది. వాన పడిన రాత్రులలో మాకు మా ఇంటి పైకప్పు శబ్దం వినిపించేది కాదు, ఆయన టార్పాలిను మీది శబ్దమే చెవుల్లో మోగేది. మా నిజాయితీకి వెల చెల్లించినది మేమొక్కరమే కాదని ఇక్కడ చెప్పుకోవాలి.

అయితే రావలసిన దానిని వదులుకోవడం నిజాయితీలో భాగం కాదు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టకుండా వదిలివేయడం కాదు గదా! సర్జను గారిని కలిసి 4,850 రూపాయల పరీక్షలు ఆపరేషను కోసం తామే చేయించమన్నామని లేఖ రాయించుకున్నాము. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే పత్రాన్ని ఆధారు నకలుతో జతపరిచాము. ముక్క పరీక్ష గురించి కంపెనీ ఫిర్యాదుల అధికారికి విడిగా లేఖ రాశాము. ఆపరేషనులో తీసిన అవయవాన్నే పరీక్షించారనీ, డిశ్చార్జి కాగితంలోనే ఆ సంగతి రాసి ఉన్నదనీ, ఇది చికిత్సకు సంబంధం లేనిదెలా అవుతుందనీ అడిగాము. రెండు వారాలలో జవాబు వచ్చింది. జూలై చివరికి 4,850, 1,600 రెండూ ఖాతాలో జమ అయ్యాయి. ముందు వచ్చిన 900తో కలిపి 7,350. అది బావర్చీకి చేరింది. మిగిలినది నెలనెలా వేతనంలోంచి తీర్చి నవంబరులో ముగించాము. డిసెంబరులో ఆయన రేకులు వేయించుకున్నారు.

ఈ అనుభవం నుంచి మేము నేర్చుకున్న కొన్ని సంగతులను పాఠక కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

మొదటిది. సాధారణ ఆరోగ్య బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన చికిత్స కోసం. బయట చేయించుకునే పరీక్షకు దానంతట అదే డబ్బు రాదు. తర్వాత అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరితే, చేరడానికి ముందు, విడుదలైన తర్వాత నిర్ణీత రోజులలో జరిగిన పరీక్షలకు వస్తుంది. ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలో ఇది ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు. కొన్ని పాలసీలలో ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. మీ కార్డును అల్మారాలో పడేయకుండా ఈ రెండు సంఖ్యలు చూసి పెట్టుకోండి. ఆపరేషనును వాయిదా వేసేటప్పుడు డాక్టరు సలహా మొదటిది, ఈ లెక్క రెండవది. లెక్క కోసం మాత్రం ఆరోగ్యాన్ని పణంగా పెట్టకండి.

రెండవది. "ఒక్క రోజు అడ్మిట్ అయితే పరీక్షలన్నీ ఇన్సూరెన్సులో పోతాయి" అని సలహా ఇచ్చేవారు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. కేవలం పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే చెల్లించనక్కర లేదన్న మినహాయింపు ఆరోగ్య పాలసీలలో సాధారణంగా ఉంటుంది. అది అబద్ధమూ అవుతుంది, డబ్బూ రాదు.

మూడవది. ప్రతి పరీక్షకూ డాక్టరు చీటీ, ప్రతి పరీక్ష ధర విడిగా చూపిన బిల్లు, డబ్బు కట్టిన రసీదు, రిపోర్టు అనే నాలుగు కాగితాలూ ఒకచోట ఉంచండి. పేరు ఆధారులోనూ పాలసీలోనూ ఎలా ఉన్నదో అక్షరం తేడా లేకుండా ల్యాబులో అలాగే రాయించండి. అసలు కాగితాలు పంపే ముందు నకళ్లు తీసుకోండి.

నాలుగవది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. పాలసీలోని ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో చెప్పవలసిన బాధ్యత కంపెనీది. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోను చేసీ ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఒక సంవత్సరం లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలవారికీ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను వారు వింటారు.

ఐదవది. పాలసీ లేని ఇళ్లు మన మొహల్లాలలో చాలా ఉన్నాయి. వారు ముందుగా ఆరోగ్యశ్రీ అర్హత గురించి ప్రభుత్వాసుపత్రిలో విచారించాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఎన్నో పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. ప్రైవేటు కౌంటరు వద్ద డబ్బు కట్టే ముందు అక్కడ ఆ పరీక్ష ఉన్నదో లేదో కనుక్కోవడం సిగ్గుపడవలసిన పని కాదు.

ఇక మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. ఆపరేషనుకు చందా అడిగితే ఇచ్చేవారున్నారు. అంతకు ముందు జబ్బేమిటో తెలుసుకోవడానికి కావలసిన పదివేలకు ఇచ్చేవారు లేరు. ఆ పదివేలు లేకనే ఎందరో పరీక్షలు వాయిదా వేసుకుని జబ్బు ముదరబెట్టుకుంటున్నారు. బైతుల్ మాల్‌లో పరీక్షల కోసం కొంత సొమ్మును కర్జె హసనాగా కేటాయించండి. అర్హులైనవారికి జకాత్ నుంచి సహాయం చేయండి. ఒక పేదవాని రేకుల డబ్బుతో మరొక పేదవాని పరీక్షలు జరిగే దుస్థితి తప్పుతుంది.

మొన్న రక్త పరీక్ష కోసం మళ్లీ ఆ ల్యాబుకు వెళ్లాము. కౌంటరు అద్దానికి తెలుగులోనూ ఉర్దూలోనూ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. బీమా ఉన్నవారు డాక్టరు చీటీ తీసుకురావాలని, ఆధారులో ఉన్నట్లే పేరు చెప్పాలని, ఆపరేషను ఉంటే 30 రోజుల నియమం గురించి ముందే అడగాలని, బిల్లుపై తేదీ మార్చబడదని అందులో ఉంది. చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. చేతిరాత మేము గుర్తుపట్టాము. మా తరగతి గదిలో ఆ అక్షరాలను దిద్దించింది మేమే. వాడు మమ్మల్ని చూసి సలాము చేశాడు. ఆ కాగితం మాట వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మా ఇంటావిడ ఆ నెలలో తప్పిన రోజాలన్నిటికీ చలికాలంలో కజా ఉండి తీర్చుకున్నది. మన రుణాలను, అల్లాహ్‌కు చెల్లించవలసినవాటినీ ఆయన దాసులకు చెల్లించవలసినవాటినీ, అసలు తేదీలతోనే తీర్చుకునే శక్తిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! రోగులందరికీ స్వస్థత కలిగించుగాక! ఆమీన్.